అరవై మూడు చీటీలు

పసుపు.

రెక్క మొదట్లో పసుపు. ఆ పసుపు మీద నల్లటి చుక్కలు. మిగిలిన రెక్కంతా మట్టి రంగు... ఆ మట్టి మీద తెల్లని నరాలు. ముట్టుకుంటే వేలికి పొడి అంటేది. సబ్బు పెట్టి కడిగినా సాయంత్రం దాకా పోయేది కాదు.

అందరూ దీపం పురుగని చీపురుతో ఊడ్చేస్తారు. పుస్తకాల్లో దాని పేరు అసోటా. అది ఒక్క పురుగు పేరు కాదు, ఒక ప్రజాతి పేరు. దాని కింద చాలా జాతులు. ఏది ఏ జాతో తేల్చడం నా పని.

నేను శోభారాణిని. జగిత్యాలలో డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పేదాన్ని.

రెక్కల్ని నమ్మకూడదు. రెండు జాతులు ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి. చుక్కలు లెక్కపెట్టాలి. అప్పటికీ అనుమానం తీరకపోతే పొట్ట చివర కోసి, సూక్ష్మదర్శిని కింద చూడాలి. అంత ఓపిక ఉన్నవాళ్లే ఈ పనికి రావాలి. నాకుందని నాకు భలే పొగరు.

ఈ పనిలో ఒక నియమం ఉంది.

ప్రతి పురుగు కింద, సూదికి గుచ్చి, ఒక చిన్న చీటీ. ఎక్కడ దొరికింది. ఏ రోజు దొరికింది. ఎవరు పట్టారు. మూడే ముక్కలు. చీటీ లేని పురుగు ఎంత అందమైనదైనా చెత్తబుట్టకే. మొదటి చీటీ మాసినా, చిరిగినా దాన్ని తీసేయకూడదు. ఏటా పిల్లలకు బల్ల గుద్ది మరీ చెప్పేదాన్ని.

బల్ల గుద్దిన చేయి ఇదే.

తొంభై రెండు. వానాకాలం మొదలు.

పెళ్లికని సిరిసిల్ల పోయాను. పొద్దున్నే బస్టాండుకు నడుస్తుంటే దారిలో ఒక మగ్గాల షెడ్డు. రాత్రంతా ట్యూబులైట్లు వెలిగిన షెడ్డు. బయట సున్నం గోడ. గోడ నిండా... పసుపు, నలుపు, మట్టి రంగు. పట్టుచీరలోనే గోడకు అతుక్కుపోయి నిలబడ్డాను. బస్సు పోయింది. పోతే పోయిందనుకున్నాను.

లోపలి నుంచి ఒక మనిషి వచ్చాడు. కనుబొమ్మల మీద నూలు దుమ్ము. రాత్రి పని దిగి ఇంటికి పోతున్నాడు.

"గివి పట్టుకపోయి ఏంజేస్తరు మేడం?"

"పేర్లు పెడతాను."

నవ్వాడు. "మాకే పేరు పెట్టి పిలిచెటోడు లేడు. నాలుగో నంబరు మగ్గం అంటరు, గంతే."

ఆ నాలుగో నంబరు మగ్గం పేరు వెంకటేశం. ఇల్లు పక్కనే, తంగళ్ళపల్లి. భార్య కళావతి, బీడీలు చేస్తుంది. ఐదు నిమిషాల్లో ఇదంతా చెప్పాడు. ఇంకో ఐదు నిమిషాల్లో నేను కాగితాన్ని మూడు మూలల పొట్లంగా మడవడం నేర్పాను. రెక్క నలగకుండా పట్టుకోవడం మాత్రం నేర్పాల్సిన పని లేకపోయింది. పోగు తెగకుండా ముడి వేసే వేళ్లు అవి.

ఆ తర్వాత ప్రతి వారం ఒక బిస్కెట్ డబ్బా. వేములవాడ మీదుగా వచ్చే బస్సు. కండక్టర్ చేతి నుంచి నా చేతికి.

డబ్బాలో పొట్లాలు. పొట్లాల మీద పెన్సిల్ రాత. తారీకు. షెడ్డు పేరు. పొద్దుగాల ఐదు గంటలు. కింద ఆయన పేరు, వంకరగా. ఒక్కోసారి ఇంకో మాట కూడా రాసేవాడు—

కరెంటు పోయింది, రెండే దొరికినయి.

వాన బాగ కొట్టింది, గోడ తడిసింది.

నిన్న బిడ్డకు జరం, పనికి రాలే.

చదివి నవ్వుకునేదాన్ని. పురుగుల కన్నా ముందు ఆ మాటలే చదివేదాన్ని. ఎంత ఇష్టంగా చదివానో.

ఒక పొట్లం మీద ఇలా రాశాడు: మేడం, గీ దానికి ఒక చుక్క తక్కువున్నది, పోగు పోయినట్టు.

భూతద్దం పెట్టి చూశాను. తక్కువే. పాత పొట్లాలు విప్పాను. అందులో కొన్నింటికీ తక్కువే. పదేళ్లుగా చుక్కలు లెక్కపెడుతున్న నా కంటికి ఆనలేదు. తెల్లవార్లూ బట్టలో లేని పోగు కోసం చూసే కంటికి ఆనింది.

ఇది వేరే జాతి కావచ్చు... ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టనిది. ఆ రోజు అన్నం సహించలేదు, సంతోషానికి.

వ్యాసం రాశాను. పెట్టెలు సర్దాను. అద్దం మూతల పెట్టెలు మూడు. అన్నీ నిండేసరికి అరవై మూడు పురుగులు. పెన్సిల్ రాతలు చూస్తే ముతకగా అనిపించాయి. ఇంగ్లీషులో చీటీలు అచ్చు వేయించాను. తెల్లగా, చక్కగా, మూడు వరుసలు.

ఊరు. తారీకు. సేకరించినవారు.

మూడో వరుసలో నా పేరు.

ఎందుకంటే ఏం చెప్పను? మగ్గం పనివాడి పేరు చూసి పెద్దవాళ్లు నవ్వుతారనుకున్నాను. నేర్పింది నేనే కదా అనుకున్నాను. ఇవన్నీ ఇప్పుడు చెబుతున్న సాకులు. అప్పుడు ఇంత కూడా అనుకోలేదు. చేయి దానంతటదే రాసుకుపోయింది. ఆ నెలా, ఆ మీది నెలా వచ్చినవి వచ్చినట్టే అవే చీటీలు గుచ్చాను.

పొట్లాల కాగితాలు నీళ్ల పొయ్యి కింద పెట్టాను. ఆ నీళ్లతోనే తలంటుకున్నాను.

అక్టోబరు. ఒక బుధవారం.

పేపర్లో నాలుగు వరుసల వార్త. కోరుట్ల పక్క అడవిలో ఎదురు కాల్పులు. మంగళవారం తెల్లవారుజామున. ఒకరి మృతి. రెండు నెలలుగా దళంలో తిరుగుతున్న వెంకటేశం, తంగళ్ళపల్లి.

మళ్లీ చదివాను.

వెంకటేశం పేరు గలవాళ్లు వందమంది ఉంటారు అనుకున్నాను. తంగళ్ళపల్లిలో పదిమంది ఉంటారు అనుకున్నాను. బస్సు వేళకు బస్టాండుకు పోయాను. డబ్బా రాలేదు. కండక్టర్ నా మొహం చూడకుండా టికెట్లు కొడుతున్నాడు.

బస్టాండులో, మా కాలేజీ పిల్లలందరూ చూస్తుండగా, నేల మీద కూర్చుండిపోయాను.

ఐదు రోజుల తర్వాత కళావతి వచ్చింది. గడప అవతలే నిలబడింది. ఏడ్చి ఏడ్చి ఆగిన మొహం. వేళ్లకు పొగాకు మరక.

"ఆదివారం పనికి పోయిండు మేడం. సోమవారం పొద్దుగాల పని దిగి వస్తుంటె జీపుల ఎక్కించుకున్నరట. షెడ్డు సేటు ఏమో రెండు నెలల కిందనే పని బంద్ జేసిండని చెప్పిండు. భయమాయనకు. హాజరు బుక్కు లేదంటున్నడు."

తలుపు పట్టుకుంది.

"మీకు పొట్లాలు పంపిండు గదా, ఆ రెండు నెలలు. దాని మీద తారీకు ఏసెటోడు, పేరు రాసెటోడు. అడవిల ఉన్నోడు గోడ మీది పురుగులు ఎట్ల పడతడు? ఎల్లుండి కోరుట్లల ఎంక్వయిరీ ఉన్నది. గవి ఉన్నయా మేడం?"

"ఉన్నాయమ్మా. అన్నీ ఉన్నాయి."

టక్కున అనేశాను. నిజంగా ఉన్నాయనే అన్నాను. ఆమె చేతులెత్తి దండం పెట్టింది. నేను గదిలోకి దాదాపు పరుగెత్తాను. ఒక మనిషి ఆఖరి పొద్దులన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయని, నా చదువు ఒకరికి అక్కరకొచ్చిందని... గర్వం కూడా వేసింది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

పెట్టె దించాను. అద్దం తుడిచాను.

శోభారాణి.

శోభారాణి. శోభారాణి. శోభారాణి.

ఆ పెట్టె కింద పెట్టి, ఇంకోటి దించాను.

రెండో పెట్టె. శోభారాణి. మూడో పెట్టె. శోభారాణి. ఆయన మగ్గం దిగి, నిద్ర కళ్లతో, గోడ పక్కన నిలబడిన ప్రతి పొద్దు మీదా నేనే ఉన్నాను. ఆయన ఎక్కడా లేడు. రెండు నెలలుగా ఆయన సిరిసిల్లలో లేడని పోలీసులు ఇప్పుడు చెబుతున్నారు. నేను అంతకు ముందే అచ్చు వేయించి పెట్టాను.

రాసేటప్పుడు అబద్ధమని కూడా అనిపించలేదు. అందుకే మర్చిపోయాను.

గడప దగ్గరికి వచ్చి, ఎల్లుండి పెట్టెలు తెస్తానని మాత్రం చెప్పాను.

రాత్రి అన్నాల దగ్గర మా నాన్నకు చెప్పాను. మా నాన్న ప్రభాకర్ రావు. దళం బెదిరింపు చీటీ వచ్చిందని ఊరు వదిలి జగిత్యాల చేరి మూడేళ్లు.

"మనకెందుకు బిడ్డా గా లొల్లి. రేపు ఊరికి పోవాలన్నా పోలీసోళ్లనే అడగాలె. వాడు నక్సలైటు కాదని నీకెట్ల తెలుసు?"

నాకు తెలుసు. నీళ్ల పొయ్యికి తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

కోరుట్ల. సర్కారు బంగళా. బయట జీపులు, వరండాలో బెంచీ. కళావతిని లోపలికి పిలవలేదు. ఆమె వాంగ్మూలం ముందే అయిపోయిందట.

విచారణ అధికారి మర్యాదస్తుడు. చాయ్ తెప్పించాడు. పురుగుల్ని ఆసక్తిగానే చూశాడు. కళ్లద్దాలు సర్దుకుని చీటీ చదివాడు.

"గీ పేరు మీదే గద మేడం?"

"నాదే. కానీ పట్టింది వెంకటేశం. పంపింది ఆయన. ఆయన రాసిన కాగితాలు నేను కాల్చేశాను. పేరు నేను... తప్పుగా వేయించాను."

ఆ మాట నోటితో అనగానే నా వ్యాసం పోయింది. నా పేరు పోయింది. పోనీ అనుకున్నాను. దానికి సిద్ధపడే వచ్చాను.

"అంటే పేరు అబద్ధం. తారీకులు మాత్రం నిజం."

"అవును."

"ఎట్ల నమ్మమంటరు?"

కసురుకోలేదు. నిజంగానే అడిగాడు. నా విద్యార్థి ఇలాంటి పెట్టె తెస్తే నేనూ ఇదే అడిగి, చెత్తబుట్ట చూపించేదాన్ని.

ఆయన పెట్టె నా వైపు జరిపాడు.

"పేరే నిజమైతే, ఆ పొద్దుల్ల మీరు ఆ షెడ్డు కాడ ఉన్నట్టు. ఉంటె మీరు ఆయనను చూసి ఉంటరు. చూసిండ్రా?"

ఫ్యాను తిరుగుతోంది. గుమాస్తా పెన్ను పట్టుకుని నా నోటి వైపు చూస్తున్నాడు.

చూశాను. ఒక్క మాట. చూశాను అంటే చాలు. చీటీలన్నీ నా వైపే సాక్ష్యం చెబుతాయి. వెంకటేశం గోడ దగ్గర ఉంటాడు. కళావతి మనిషి దళం మనిషి కాకుండా పోతాడు. నేను పోలీసులకు ఎదురు సాక్షినవుతాను. మా నాన్న ఊరు...

"లేదు," అన్నాను.

అరవై మూడు సార్లు రాసిన అబద్ధం. అరవై నాలుగోసారి నోటికి రాలేదు.

దీన్ని నిజాయితీ అని ఎవరూ అనుకోవద్దు. భయం. అంతే.

గుమాస్తా రాసుకున్నాడు. సంతకం పెట్టమన్నాడు. మళ్లీ నా పేరు రాశాను.

బయట కళావతి బెంచీ మీద కాదు, గోడకానుకుని నేల మీద కూర్చుంది. ఆమె పక్కన కూర్చున్నాను. లోపల ఏమైందో చెప్పాలి. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియక పెట్టెలు ఇద్దరి మధ్యా పెట్టాను.

"గిన్ని పట్టిండా," అంది. "పొట్లాలే చూసిన ఎప్పుడు. లోపటియి చూడలే."

అద్దం మీదకు వంగింది. చదువు రాదు ఆమెకు. అయినా చాలాసేపు చూసింది. ఒక చీటీ నుంచి ఇంకో చీటీకి, ఒక వరుస నుంచి ఇంకో వరుసకు, ఓపికగా.

"పైన ఉన్న గీత అన్నిట్ల ఒక్క తీరే ఉన్నది."

"అది సిరిసిల్ల."

"నడిమిది మారుతున్నది."

"అది తారీకు."

ఏది మారుతుంది, ఏది మారదు. నేను పిల్లలకు మూడేళ్లు చెప్పినా పట్టుబడని పని అది. ఆమె కోరుట్లలో, బంగళా వరండాలో, మొగుడు పోయిన తొమ్మిదో రోజున చేస్తోంది.

"గీ కిందిది గూడ అన్నిట్ల ఒక్కటే ఉన్నది." వేలు అద్దం మీద ఆనించింది. నిమిరింది. "గిదేనా మేడం మా ఆయన పేరు?"

ఔనంటే ఆమెకు చాలు. నాకు తెలుసు. ఆ ఒక్క క్షణానికి చాలు.

"కాదమ్మా. అది నా పేరు."

తల ఊపింది. అర్థమైందనుకున్నాను. తిడుతుందనుకున్నాను, పెట్టె ఎత్తి నేలకేసి కొడుతుందనుకున్నాను... కొట్టినా బాగుండు.

"అట్లనా," అంది. "అయితె ఆయనది వేరేగ ఉంటది."

వేలు తీసి, కొంగుతో అద్దం తుడిచి, మళ్లీ మొదటి పెట్టె మొదటి వరుస నుంచి చూడటం మొదలుపెట్టింది.