ఎలీషా గారి అంకెలకు పేర్లు

నేను ఒక జత ఫ్లవర్ బ్రాకెట్లను. బాలానగర్‌లో, నెలలు నిండని పసికందులను వెచ్చగా ఉంచే యంత్రాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీ ప్రోగ్రాములో ఉంటాను. ఆ ప్రోగ్రాము రాసిన భాషలో అంకెలన్నీ కడిగి పెట్టిన పళ్లాల్లా ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. ఏది కావాలన్నా పైనుంచే తీయాలి. ఏది ఏమిటో దానిమీద రాసి ఉండదు. నా మధ్యలో పేర్లు రాస్తే, ఆ దొంతరలోంచి అంకెలు దిగివచ్చి ఒక్కో పేరుకు ఒక్కోటి అమరుతాయి. పని ముగియగానే ఆ పేర్లు చెరిగిపోతాయి. నా ఉద్యోగం అంతే.

ఆ ప్రోగ్రాము రాసిన ఎలీషా గారికి నేనంటే చులకన. ఏ అంకె ఎక్కడుందో ముప్పై ఏళ్లుగా మనసులోనే పెట్టుకుని రాశారాయన. పేర్లు పెట్టుకోవడం చేతకానివాళ్ల పని అనేవారు. తమ జ్ఞాపకం మీద మనుషులకున్న ధీమా చూస్తే నాకు నవ్వొచ్చేది. ఆయనకు అరవై నాలుగో ఏట మతిమరుపు జబ్బు మొదలయ్యాక ఆ నవ్వు పోయింది. ఆయన తలలో ఉన్నది కాగితం మీద ఎక్కడా లేదు. అది పోయేలోగా బయటికి రాకపోతే, ఆస్పత్రుల్లో నడుస్తున్న ఆ యంత్రాలను రేపు బాగుచేసేవాళ్లుండరు. అందుకే ఆయన దగ్గర పనిచేసే హైమవతి, ప్రోగ్రాములోని ప్రతి ముక్కలోనూ నన్ను పెడదామని ఆయన్ని బతిమాలి ఒప్పించింది.

మొదటిరోజు పేర్లు ఆయనే రాశారు. బిడ్డ ఒంటి వేడి, ఉండవలసిన వేడి. నా పద్ధతిలో దొంతర పైనున్న అంకె చివరి పేరుకు వెళుతుంది. ఆయన కుర్రతనంలో నేర్చుకున్న పాత పద్ధతిలో మొదటి పేరుకు వెళ్లేది. ఆయన చేయి ఆ పాత దారే పట్టి, రెండు అంకెలూ తారుమారయ్యాయి. హైమవతి రబ్బరు బొమ్మను చల్లబరిచి యంత్రంలో పడుకోబెట్టి చూసింది. బొమ్మ మంచులా ఉంటే, అది కాగిపోతోందనుకుని యంత్రం వేడి ఆపేసింది. తప్పు నా లోపలే జరిగింది. చెప్పడానికి నాకు నోరు లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఎలీషా గారు ఆ బొమ్మ మీద చేయి వేసి చూశారు. తరవాత కీబోర్డు ఆమె వైపు జరిపారు.

"ఇంక నా చేత్తో వద్దమ్మాయ్. నేను చెబుతా, నువ్వు రాసుకో."

ఆరు వారాలు అలాగే సాగింది. ఆయన కళ్లు మూసుకుని చెప్పడం, ఆమె రాయడం, బొమ్మతో పరీక్షించడం. కొన్నిరోజులు పేర్లు గబగబా వచ్చేవి. కొన్నిరోజులు ఒక్క పేరు కోసం మధ్యాహ్నమంతా గడిచిపోయేది, క్యారియర్లు మూత తీయకుండానే ఇంటికి వెళ్లేవి.

ఆఖరి ముక్కలో మూడు అంకెలున్నాయి. రెండింటికి పేర్లు వెంటనే చెప్పారు. మూడోదాని దగ్గర ఆగిపోయారు. హైమవతి ఆ అంకె తీసేసి చూస్తే యంత్రం వేడి నిలకడ తప్పింది. మళ్లీ పెడితే కుదురుకుంది. అదెందుకు పెట్టారో ఆయన ఎంత తడుముకున్నా దొరకలేదు. ఏదో ఒక పేరు పెట్టేద్దాం సార్ అందామె. తప్పుడు పేరు పెడితే తరవాత వచ్చేవాళ్లు దాన్నే నమ్ముతారని ఆయన ఒప్పుకోలేదు.

"తెలియదు అని రాయమ్మా."

ముప్పై ఏళ్లలో ఆ మాట ఆయన నోట ఎవరూ వినలేదట. హైమవతి కళ్లు తుడుచుకుని రాసింది.

ఆయన ఇప్పుడు కంపెనీకి రావడం లేదు. యంత్రాలు నడుస్తున్నాయి. ఏదో ఆస్పత్రిలో అరచేయంత బిడ్డ నిద్రపోతుంటే, క్షణానికోసారి నేను ఆ మూడు పేర్లూ పిలుస్తాను. మూడోదాని పేరు 'తెలియదు'. పిలిస్తే అదీ వస్తుంది. బిడ్డ ఒళ్లు వెచ్చగానే ఉంది.