ఉప్పు కలిపిన చుక్క

నౌపడలో మేస్త్రీ ఉప్పు మడిని ఆలుమగల జంటకే ఇస్తాడు. మగాడు ఉప్పు లాగాలి, ఆడది తట్టతో గట్టుమీదికి మోయాలి. ఒకరు మంచం పడితే రెండో మనిషికీ పని లేదు. కిడ్నీ జబ్బని తేలితే అసలు మడిలోకే రానివ్వడు. ఎండలో పడిపోతే తన మెడకు చుట్టుకుంటుందని భయం. ఇదేం న్యాయమని అడగకండి. మేం అడిగాం, ధర్నా కూడా చేశాం. మడులు ఆయన చేతిలోనే ఉన్నాయి.

అందుకే మడిలో ఉప్పు లాగే చిన్నారావు, కిడ్నీ పరీక్షకిచ్చే మూత్రం సీసాలో పెళ్లాం రాజులమ్మ చేత చెంచాడు ఉప్పు వేయించేవాడు. ఉప్పు పడితే మిషన్ ఏమీ చెప్పలేదని మడుల్లో అందరికీ తెలుసు.

టెక్కలి నుంచి వారం వారం ఆ పరీక్షలు చేయడానికి వచ్చే గౌతమికి మాత్రం తెలియదు. ఆమె మిషన్‌లో పూత వేసిన గాజు పలక ఉంటుంది, దానిమీద చిన్న చిన్న గళ్లు. ఒక గడికి కరెంటిస్తే చుక్క అటు పరుచుకుని జరుగుతుంది. ఆపితే గుండ్రంగా ముడుచుకుంటుంది. అలా గళ్లు దాటి పరీక్ష మందులో కలిస్తేనే ఫలితం. మామూలు మూత్రంలో ఉండే ఉప్పైతే ఫర్వాలేదు. చెంచాడు ఉప్పు కరిగితే పూతలోని కనిపించని చిల్లుల్లోంచి కరెంటు చుక్కలోకి కారుతుంది. బుడగలు లేస్తాయి, చుక్క పరుచుకున్నచోటే అతుక్కుపోతుంది, పలక మాడుతుంది.

మళ్లీ పలక మాడాక గౌతమి మడి దగ్గరికే వచ్చి, ఉప్పు కలుపుతున్నారా అని అడిగేసింది. చిన్నారావు నవ్వాడు.

"మీ మిషనుకి ఉప్పు పడదేటమ్మా? దానికీ బీపీ ఉందేటి?"

గౌతమి నవ్వలేదు. ఉబ్బిన అతని పాదాలు చూసి, రాజులమ్మను పక్కకు పిలిచింది. ఇప్పుడు తెలిస్తే మందులతో ఆపవచ్చేమో, ఆలస్యమైతే డయాలసిస్సే అని చెప్పింది.

మరుసటి వారం సీసా పట్టుకుని బయల్దేరిన రాజులమ్మను చిన్నారావు అడిగాడు.

"ఉప్పేసినావా?"

"ఏసినాను మావా."

వేయలేదు.

ఆ రోజు చుక్క ఎక్కడా ఆగలేదు. గడి మీంచి గడికి జారిపోతుంటే రాజులమ్మ వంగి చూసింది.

"ఎంత బాగా ఎల్తందో సూడమ్మా. అయితే బాగున్నట్టేనా?"

గౌతమి తెర మీద అంకె చూసింది. రేపే పలాస కిడ్నీ ఆస్పత్రికి తీసుకెళ్లమంది.

ఇంట్లో చిన్నారావు అంతా విని ఒక్క మాటే అన్నాడు.

"ఏసినానన్నావు."

పలాస బస్సులో వేరే సీట్లో కూర్చున్నాడు. మందులతో ఆగే దశ దాటిపోయిందని డాక్టర్ చెప్పాడు. వాళ్లిద్దరూ ఇంకా ఆస్పత్రిలో ఉండగానే మేస్త్రీ మడిని ఇంకో జంటకు ఇచ్చేశాడు. ఆ సంగతి ఫోన్‌లో తెలిసింది.

డయాలసిస్ గదిలోకి తీసుకెళ్లే ముందు నర్సు, నీకు తోడెవరని అడిగింది.

"ఎవలూ నేరు," అన్నాడు చిన్నారావు.

రాజులమ్మ అతను విప్పిన చొక్కా చేతిలో పట్టుకుని పక్కనే నిలబడి ఉంది.