రెండు పూటల నీళ్ళు

మా ఇంటి ముందు లాన్‌ని నేను చాలాకాలం సవతి అనే పిలిచాను. నేను కాపురానికి వచ్చేసరికే అది ఉంది. ఆయన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవారు. పగలంతా అక్కడ తప్పులు ఏరి, సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా అయినా మార్చుకోకుండా గొంతుక్కూర్చుని ఇక్కడ కలుపు ఏరేవారు. ఆ గడ్డి కొని తెచ్చింది కూడా కాదు. అచ్చాఫీసు ఆవరణలో సన్నగా, మెత్తగా పెరిగే రకమేదో కంటపడితే వేళ్ళతో సహా పెకలించి, తడిగుడ్డలో చుట్టి, టిఫిను డబ్బాలో పెట్టుకొచ్చి పోచ పోచా నాటారట. ఎంత తోమినా ఆ డబ్బాకు మట్టివాసన పోలేదని మా ఆడపడుచు అనేది. నాతో కాదు, ఆయనతో అంటుంటే విన్నాను.

నాకూ ఆమెకూ మాటల్లేవు. ఆమె పెళ్ళి చేసుకోలేదు, ఇంటి వెనక రెండు గదుల్లో ఉంటుంది. టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసి ఊరందరినీ ఒకరితో ఒకరిని కలిపిన మనిషి, నాతో మాత్రం తీగ తెంపేసుకుంది. నేనేమీ ముడి వెయ్యబోయానని కాదు. ఒకప్పుడు నా కుట్టు మిషను అడిగి తీసుకెళ్ళి, సూది విరిచి తిరిగిచ్చింది. తనిచ్చినప్పుడు సూది బాగానే ఉందంది. నేనో మాటన్నాను, తను రెండంది. పట్టుదలలో ఎవరికెవరూ తీసిపోము కాబట్టి అది అలాగే ఉండిపోయింది.

మా మధ్య మాటలన్నీ ఆయనే మోసేవారు. "మీ చెల్లెలితో చెప్పండి" అని నేను, "వదినతో చెప్పు అన్నయ్యా" అని ఆమె. ముగ్గురమూ ఒకే గదిలో ఉన్నా అంతే. నేను కారం పూసి పంపిన మాటను ఆయన కడిగి, తుడిచి అందించేవారు. గేటు గడియ పెట్టి చావమనండి అని నేనంటే, గాలికి గేటు కొట్టుకుంటోందట, కాస్త చూడమ్మా అనేవారు. పక్కనే నిలబడి వింటూ నేను ఊరుకునేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఆ ఏర్పాటు మా ఇద్దరికీ హాయిగానే ఉండేది. నలిగింది ఆయనే.

తర్వాత ఆయనకు మతిమరుపు పట్టుకుంది. మొదట తాళంచెవులు, ఆ తర్వాత వీధి మలుపు, ఆ తర్వాత మేము. డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది, పోయింది తిరిగిరాదు, ఉన్నదాన్ని కదపకండి అని. కుర్చీ జరపొద్దు, గోడల రంగు మార్చొద్దు, ఆయన ఎరిగినవన్నీ ఎరిగిన చోటే ఉంచమంది.

పొద్దున్నే మంచం మీద కూర్చుని ఇది ఎవరిల్లని అడిగేవారు. అలా అడిగినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమనేది. చెయ్యి పట్టుకుని బయటికి నడిపించి, చెప్పులు విప్పించి లాన్ మీద నిలబెట్టేదాన్ని. కాలివేళ్ళు ముడిచి, విప్పి, కాసేపు అలా నిలబడేవారు. మెల్లగా ముఖం తేటపడేది. "ఇల్లే" అనేవారు. తర్వాత నా వైపు తిరిగి టీ పెట్టావా అని అడిగేవారు. సవతి అన్న నోటితోనే దానికి మనసులో దండం పెట్టుకున్నాను. నా మొగుడికి నన్ను రోజూ గుర్తుచేస్తున్నది ఆ గడ్డే మరి. అది ఉన్నంతకాలం నేనున్నాను.

నీళ్ళు ఎప్పుడూ ఆయనే పెట్టేవారు. ఒకసారి పైపు వదిలేసి వీధిలోకి వెళ్ళిపోయారు. ఇక ఆ పని నేనే చెయ్యాలనుకున్నాను. తెల్లారగానే, ఆయన లేవకముందే పెట్టేసేదాన్ని. మధ్యలో మా ఆడపడుచు వేలు పెట్టకుండా, నీళ్ళ సంగతి నేను చూస్తున్నాను, ఆవిడ ముట్టుకోనక్కర్లేదని చెప్పమని ఆయనతో అన్నాను. అలాగేనని తలూపారు. అలవాటు చూడండి. గిన్నె అడుగు ఊడిపోయిందని తెలిసీ అందులోనే పాలు పోశాను.

కొన్నాళ్ళకు లాన్ మధ్యలో పసుపు తిరిగింది. దాహమనుకున్నాను, నీళ్ళు పెంచాను. ఎరువు చల్లాను. పసుపు మచ్చలు ఒకదాన్నొకటి కలుపుకుంటూ పోయాయి. పొద్దున్నే నేల తడిగా ఉండేది, మంచు కురిసిందనుకుని పైపు తిప్పేదాన్ని. ఆయన నిలబడితే పాదాలు కాస్త దిగబడేవి. "ఇల్లే" అనడానికి ఎక్కువసేపు పట్టేది. ఒక్కోరోజు నేనే అడిగి అనిపించేదాన్ని.

ఒక సాయంత్రం, రోజూ లోపల ఆయనకు స్నానం చేయించే వేళకు, స్నానం కాసేపు ఆపి ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి, గడ్డి కోసే మిషను బయటికి తీశాను. కాస్త కత్తిరిస్తే చిగురేస్తుందేమోనని ఆశ. చక్రం సగానికి కూరుకుపోయింది. వంగి గుప్పెడు గడ్డి పట్టుకుంటే, లాగకుండానే ఊడి చేతిలోకి వచ్చేసింది. గడ్డి వేళ్ళు నల్లగా మెత్తబడి ఉన్నాయి. మురుగు కంపు. అప్పుడే ఇంటి పక్కనుంచి పైపు ఈడ్చుకుంటూ మా ఆడపడుచు వచ్చింది. నన్ను చూసి ఆగింది. పైపులోంచి నీళ్ళు ఆమె కాళ్ళ మీదే పడుతున్నాయి.

"నువ్వు కూడా పెడుతున్నావా?" అన్నాను. సూది గొడవ తర్వాత ఆమెతో నేనన్న మొదటి మాట అది.

"రోజూ ఈ వేళకు పెడుతున్నాను వదినా. మీతో చెప్పమని అన్నయ్యకు చెప్పానే."

ఇద్దరమూ ఒకేసారి అరుగు వైపు చూశాము. ఆయన మమ్మల్ని చూసి నవ్వారు, దారిన పోయేవాళ్ళను చూసి మర్యాదకు నవ్వినట్టు. ఆయన మీద కోపగించుకోవడానికి ఏముంది? ఏళ్ళ తరబడి ఒక్క మాట కూడా జారవిడవకుండా మోసిన మనిషి. ఆయన మొయ్యలేకపోతున్నారని తెలిసి కూడా మా బరువు మేము దించుకోలేదు. నా మీద నాకే ఒళ్ళు మండింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు ఏడుపు కూడా రాలేదు.

నీళ్ళు ఆపేశాము, నేల ఆరబెట్టాము. బతికిన పోచ ఒక్కటీ లేదు. నర్సరీలన్నీ తిరిగాము, ఇద్దరమూ కలిసే. ఆ సన్న రకం ఎక్కడా లేదు. అచ్చాఫీసు ఉన్న చోట ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు, ఆవరణంతా సిమెంటు. చివరికి చాపచుట్టల్లా చుట్టి అమ్మే మందపు గడ్డి తెచ్చుకున్నాము. పాత మట్టి తవ్వి పారబోసి, కొత్త మట్టి సర్ది, ఒకరు చుట్ట విప్పుతుంటే ఒకరు అంచులు కలిపి తొక్కాము. పనిలో మాటలు ఎలా వచ్చాయో తెలియదు, వచ్చాక ఆగలేదు. సూది సంగతీ వచ్చింది. ఆమె విరవలేదట. ఒట్టు పెట్టి చెప్పింది, నమ్మాను. నేనూ విరవలేదు. మధ్యలో కుట్టు మిషను మోసుకొచ్చింది ఆయనే. ఎక్కడో గుమ్మానికి తగిలించి, ఎవరితోనూ అనలేక మింగేసి ఉంటారు. మట్టిచేతులతో ఇద్దరమూ కడుపుబ్బ నవ్వాము. నవ్వుతూనే నాకు భయమేసింది, మర్నాటి పొద్దు తలుచుకుని.

పొద్దున్నే ఆయన్ను చెరో చెయ్యీ పట్టుకుని బయటికి తెచ్చాము. నేను చెప్పులు విప్పాను. జాగ్రత్త వదినా, అతుకు దగ్గర కాలు తట్టుకుంటుందని ఆమె అంది. నువ్వు అటు పట్టుకో అన్నాను. పాదం మోపారు. వేళ్ళు ముడిచారు, విప్పారు. మళ్ళీ ముడిచారు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. ఆయన పాదం వెనక్కి తీసుకుని, చెప్పుల కోసం వెతుక్కుంటూ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"మీరెంత కలిసిమెలిసి ఉన్నారమ్మా, చూడ ముచ్చటగా ఉంది. మా ఇంట్లో ఇద్దరాడవాళ్ళు, ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. మధ్యన నేను లేకపోతే అక్కడ పని జరగదు. నేను వెళ్ళాలి."

మా ఆడపడుచు నా వైపు చూసింది. ఏం చెయ్యాలో ఇద్దరికీ ఒకేసారి తోచింది. ఆమె చటుక్కున ముఖం తిప్పుకుంది. నేనూ ఆమెకు వీపు పెట్టి నిలబడ్డాను. గొంతులోకి పాత విసురు తెచ్చుకున్నాను.

"మీ చెల్లెలితో చెప్పండి, ఆ పైపు తీసి అవతల పెట్టమని."

ఆయన ఇబ్బందిగా నవ్వారు. చెప్పులు తొడుక్కుని, గేటు వైపు ఓ అడుగు వేసి ఆగారు.

"నేను ఇక్కడివాణ్ణి కాదమ్మా," అన్నారు. "ఆవిడ పక్కనే ఉన్నారుగా. మీరే చెప్పండి."