నాగా కాదు, సెలవు

చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించి ఆమె ఆలోచనలో పడింది. కాలరు మాడబోయింది.

"నీ ధ్యాస ఎక్కడుందే? నీ మొహం చూసి బ్యాంకువాడు అప్పిచ్చేస్తాడన్న సంబరంలో నా చొక్కా తగలబెట్టకు," అన్నాడు భర్త, తువ్వాలు భుజాన వేసుకుని.

ఆమె ఇస్త్రీపెట్టె పైకెత్తింది. ఏళ్ల తరబడి బట్టల ఫ్యాక్టరీలో ఆమె కుట్టేది కాలర్లే. పగలంతా ముక్కూమొహం తెలియని మగాళ్ల మెడలకి కాలర్లు కుట్టడం, ఇంటికొచ్చి తెలిసిన ఒక్క మెడకి ఇస్త్రీ చేయడం. ఈ పూట మాత్రం ఫ్యాక్టరీకి సెలవు పెట్టింది. ముందు గదిలో తనవంటూ కుట్టుమిషన్లు వేసుకుని, తన సెక్షనులోని ఇద్దరు ఆడవాళ్లతో కలిసి సొంతంగా పని మొదలుపెట్టాలని ఆశ. దానికి అప్పు కావాలి. అప్పు ఇచ్చేది లేనిదీ పాత సంగతి ఒకటి తేల్చాలి: భర్తతో కలిసి తీసుకున్న ఇంటి అప్పు వాయిదాలు కట్టకుండా గడిచిన ఆ కొన్ని నెలలు తన పేరు మీద మచ్చగా మిగిలాయా, లేదా?

అది పనులన్నీ మూతపడ్డ ఏడాది. భర్త ప్రింటింగ్ ప్రెస్సుకి ఆర్డర్లు రాలేదు. ఆమెకి సగం జీతం. ఒకరోజు బ్యాంకు నుంచి ఫోనుకి సందేశం వచ్చింది. కట్టలేని పరిస్థితిలో ఉండి, కోరుకున్నవారికి వాయిదాల నుంచి కొన్నాళ్లు సెలవు.

"సెలవిచ్చేశారోయ్!" అని భర్త ఫోను మంచం మీద పడేశాడు.

ఆయనది సొంత ప్రెస్సు. బుద్ధి పుడితే షట్టరు ఎత్తుతాడు, లేకపోతే దించుతాడు. జీవితంలో ఎవరినీ సెలవు అడిగి ఎరగడు. ఆమెకి మాత్రం 'కోరుకున్నవారికి' అన్న మాట పంటికింద రాయిలా తగిలింది. ఫ్యాక్టరీలో చెప్పి మానేస్తే సెలవు, చెప్పకుండా మానేస్తే నాగా. సెలవుకి జీతం పోతుంది. నాగాకి జీతంతో పాటు మాట కూడా పోతుంది. అమ్మ పోయిన ఉదయం కూడా ఆమె ముందు సూపర్‌వైజరుకి ఫోను చేసి, ఆ తర్వాతే ఏడ్చింది.

"మనం అడిగామా?" అంది.

"వాళ్లే ఇస్తుంటే అడగడమేమిటే? బడికి సెలవిస్తే పిల్లలు వెళ్లి అడుగుతారా?"

మర్నాడు పొయ్యి మీద కూర పెట్టి, బ్యాంకుకి ఫోను చేసి, చెవికి ఆనించుకుని నిలబడింది. అటునుంచి ఒకటే సంగీతం. చెయ్యి లాగేస్తోంది, కూర అడుగంటుతోంది. అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. 'మా రోజుల్లో ఆడవాళ్లు ఫోన్లు పట్టుకుని ఊరేగలేదమ్మా' అని ఎన్నిసార్లు అందో లెక్కలేని మనిషి.

"ఆ ఫోను పెట్టేస్తావా, కూర మాడ్చేస్తావా?"

"పెట్టేస్తే మళ్లీ మొదటికొస్తుంది అత్తయ్యా. ఇంటి సంగతి."

అత్తగారు కాసేపు కోడలి మొహంలోకి చూసింది. తర్వాత చెయ్యి చాపింది. "గరిటె ఇటివ్వు."

కోడలు కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారే ఆమె చేతిలో పెట్టిన గరిటె అది. మళ్లీ వెనక్కి తీసుకోవడం అదే మొదలు. పొయ్యి దగ్గర అత్తగారు, గోడకి ఆనుకుని కోడలు. చివరికి ఫోనులో ఒక ఆడగొంతు పలికింది.

"వాయిదా ఇంకా ఆపలేదు కదమ్మా? మంచి పని చేశారు. ముందే అడిగి, మేం ఒప్పుకున్నాక ఆపితే ఆ నెలలు మీ రికార్డులో ఎగ్గొట్టినట్టు పడవు. అడక్కుండా ఆపితే ఇద్దరి పేర్ల మీదా పడతాయి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, సెలవంటే మాఫీ కాదు. వడ్డీ నడుస్తూనే ఉంటుంది."

"తెలుసమ్మా. నేను ఫ్యాక్టరీకి సెలవు పెట్టిన రోజు మాత్రం ఇంట్లో అంట్లు ఆగుతాయా?"

అటు గొంతు పకాలున నవ్వింది. "మా ఇంట్లోనూ అంతేనమ్మా! మీవారిని కూడా ఒక్కమాట సరే అనమనండి."

భర్త విసుక్కుంటూ వచ్చి "ఊఁ, సరే" అని వెళ్లిపోయాడు. "రాసుకున్నానమ్మా" అంది ఆ గొంతు. ఆమె కృతజ్ఞత చెప్పేలోపు లైను తెగిపోయింది. పేరైనా అడగలేదు.

"ఏమందే?" అంది అత్తగారు.

"సెలవిచ్చింది అత్తయ్యా."

"అడిగితే ఇస్తారన్నమాట." అత్తగారు కూర కలుపుతూనే ఉంది. "నేనెప్పుడూ అడగనే లేదు."

ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు ఆవిడ. ఒకరోజు నిద్రలోనే వెళ్లిపోయింది, ఎవరికీ చెప్పకుండా, నాగా పెట్టినట్టు. ఆ పూట గరిటె అందుకున్నందుకు చెప్పాల్సిన మాట కోడలి నోట్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు బ్యాంకులో ఆమె కుర్చీ అంచున కూర్చుంది. ఆనాడు తన భర్త సలహా విని అడక్కుండా వాయిదాలు ఆపేసిన మరిదికి, మొన్ననే బండి అప్పు రాదన్నారు. ఆ గొంతు నిజంగా రాసిందా? లేక రోజూ వినే వందమంది ఆడవాళ్ల గోలలో తనదీ కలిసిపోయిందా?

అప్పులు చూసే అమ్మాయి తెరకేసి చూస్తూ ఆగింది. "ఈ నెలల్లో కట్టినట్టు లేదేమిటండీ?"

ఆమె తెర కనిపించేలా ముందుకి వంగింది.

"ఓ, ఇది ముందుగా ఒప్పుకున్న విరామమా! అయితే బాకీ పడ్డట్టు కాదు. రికార్డు శుభ్రంగానే ఉంది. కాకపోతే మేం మిగతావీ చూస్తాం. ఆ తర్వాత కట్టినవి సరిగ్గా కట్టారా, ఇప్పుడు మీ రాబడెంత, అవన్నీ." ఒక్కొక్కటీ చూసి తల ఊపింది. "పైకి పంపుతాను. రాకపోవడానికి నాకేం కారణం కనిపించడం లేదు."

"చాలా థాంక్సమ్మా," అంది ఆమె. లేచి నిలబడుతూ మళ్లీ అంది, "చాలా థాంక్స్."

"ఒకసారి చెప్పారుగా," అని నవ్వింది ఆ అమ్మాయి.

"ఇంకొకరికి బాకీ ఉండిపోయిందిలే తల్లీ."

సాయంత్రం వంటింటి గుమ్మంలో భర్త అడిగాడు. "ఏమన్నారు?"

"వచ్చేలాగే ఉంది."

"చూశావా? బ్యాంకు సెలవిచ్చిందని ఆనాడే చెప్పాను!"

ఆమెకి కోపం రాలేదు, నవ్వొచ్చింది. కనపడని ఒక గొంతునీ, లేని ఒక మనిషినీ తలుచుకుంటే గుండె నిండుగా ఉంది. పొయ్యి మీద కూర ఉడుకుతోంది. అప్పు చేతికొచ్చాక పగలు ఫ్యాక్టరీ, రాత్రి తన మిషను; ఇంటికి ఆ అలవాటు ఇప్పటినుంచే కావాలి.

"రేపటి నుంచి రాత్రి వంటకి నేను సెలవు," అంది.

"అడుగుతున్నావా, చెబుతున్నావా?"

"చెబుతున్నాను. చెప్పకుండా మానేస్తే నాగా అవుతుంది."

ఆయన ఏదో అనబోయాడు. ఆమె గరిటె పిడి ఆయన వైపు తిప్పి చాపింది.

"పట్టుకోండి. ఒకరోజు మీ అమ్మగారు కూడా పట్టుకున్నారు."