పంచనామాలో ఏసుపాదం

పామర్రు మిషను బడిలో లెక్కలు చెప్పే సొలొమోను మాస్టారు ఆరు నెలలుగా శనివారాలు బెజవాడ వెళ్ళి గుర్రప్పందేలు కాస్తున్నాడు. ఇంట్లో ట్యూషనని చెప్పేవాడు. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి మేడ మీద గది. హైదరాబాదులో పరిగెత్తే గుర్రాల పేర్లు గోడ మీద రాసి ఉండేవి. గెలిచింది ఏదో ఫోన్లో తెలిసేది.

డెబ్భై అయిదులో, జూదం మీద కొత్త చట్టం వచ్చిన మరుసటి ఏడు, ఆ గది మీద పోలీసులు పడ్డారు.

"హైదరాబాదులో ఇదే గుర్రం మీద వేలమంది కాస్తున్నారు కదండీ, వాళ్ళది తప్పు కాదా?" అన్నాడు సొలొమోను.

"వాళ్ళు పందేల మైదానం గేటు లోపల కాస్తారయ్యా," అన్నాడు ఎస్సై. "అందులో సర్కారుకు పన్నొస్తది. క్లబ్బుకి కొంత పోద్ది, దాంతోనే బహుమతులిస్తారు, పందేలు నడుపుతారు. దానికి లైసెన్సుంది. నువ్విచ్చింది ఈ గదివాడి జేబులోకి పోయింది. పేరు చెప్పు."

మర్నాడు ఆదివారం, మిషను గుడిలో బైబిలు వాక్యం చదవాల్సింది సొలొమోనే.

"ఏసుపాదం," అన్నాడు.

"ఊరు?"

"పామర్రు. సైకిలు షాపండి."

అంత నిండుగా అబద్ధం తన నోట ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు. పంచనామా మీద వంకరటింకరగా సంతకం చేశాడు. మళ్ళీ పిలిస్తే కోర్టుకు రావాలని చెప్పి వదిలేశారు.

సోమవారం పేపర్లో పట్టుబడినవాళ్ళ పేర్లు పడ్డాయి. బుధవారం పొద్దున్నే ఏసుపాదం, భార్య హన్నా మాస్టారి గుమ్మంలో నిలబడ్డారు. ఏసుపాదం చేతిలో నలిగిన పేపరుంది.

"సెంటర్లో నన్ను చూసి నవ్వుతున్నారండి. పాస్టరుగారు ప్రభువు బల్లకు, రొట్టె తీసుకోడానికి రావద్దన్నారు," అన్నాడు. "శనివారమంతా నేను షాపులోనే ఉన్నాను కదండీ. మీరు బస్సెక్కుతా ఇచ్చిపోయిన సైకిలుకే పంచరేశాను. అది నేను కాదని పోలీసోళ్ళకి ఒక కాయితం రాసిపెట్టండి."

"మీరు రాస్తే నమ్ముతారండి," అంది హన్నా.

సొలొమోను రాశాడు. తన ఎదురుగా ఉన్న మనిషి నిర్దోషి అని అందమైన దస్తూరీతో రాసి, చదివి వినిపించాడు. సంతకం రాని ఏసుపాదం వేలిముద్ర వేసి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

ఆ దణ్ణం భరించలేకపోయాడు సొలొమోను.

"అది నేనే," అన్నాడు.

"ఏదండీ?"

"గదిలో దొరికింది నేను. నీ పేరు చెప్పాను."

ఏసుపాదానికి అర్థం కాలేదు. భార్య ముఖంలోకి చూశాడు. ఆమెకు ముందే అర్థమైంది. తిడుతుందనుకున్నాడు సొలొమోను. ఆమె కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది.

"ఇంకోటి రాయండి," అంది. "మీ పేరు పెట్టి."

రాశాడు. వాళ్ళ వెంటే బస్సెక్కి స్టేషనుకు వెళ్ళాడు. ఎస్సై రెండు కాగితాలూ చదివి, "పిల్లలకు చదువు చెప్పేది నువ్వా?" అని మాత్రం అన్నాడు. కోర్టులో జరిమానా పడింది. బడివాళ్ళు మూడు నెలలు సస్పెండు చేశారు. ఒక ఆదివారం గుడిలో అందరి ముందూ నిలబడి జరిగింది చెప్పాడు. తల ఎత్తలేకపోయాడు. పాస్టరుగారు ఏసుపాదాన్ని పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు.

అంతటితో పోయుంటే బాగుండేది. కానీ పామర్రులో ఆ మనిషికి "గుర్రం ఏసుపాదం" అన్న పేరు అతుక్కుపోయింది. నిజం తెలిసినవాళ్ళు కూడా అలవాటు కొద్దీ అలాగే పిలిచేవారు. ఏసుపాదం పలికేవాడు. సొలొమోను మాత్రం ఎక్కడ విన్నా, చేతిలో ఏ పనున్నా ఆగిపోయి, చెవుల దాకా ఎర్రబడి నేలవైపు చూసేవాడు.