అయిదో పాత్ర

ఫోన్ ఆట జట్టులో, దెబ్బతిన్నవాళ్ళకు మందు వేసే హీలర్ పాత్ర ఎవరికీ అక్కర్లేదు. అందుకే అది రత్నమాలకు వచ్చింది. ఎవరూ ఆమెను అడగలేదు. ఆమె వద్దనలేదు. అడగకుండా వచ్చి పడినవి అప్పటికే చాలా ఉన్నాయి.

ఆదివారం ప్రార్థన గుడినుంచి వచ్చి అన్నాలు తిన్నాక, గీదం రైల్వే క్వార్టర్ వసారాలో ఎప్పటిలాగే ఆట మొదలైంది. భర్త సురేష్‌బాబు స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. పక్క క్వార్టర్ ఉమేష్, అతని తమ్ముడు సంజయ్, కిరండూల్ నుంచి వచ్చిన మరిది, ఆమె. మగవాళ్ళు నలుగురూ చాప మీద కాళ్ళు చాపుకుని ఫోన్లు పట్టుకున్నారు. ఆమె గడప మీద కూర్చుంది, లోపల పొయ్యి మీద పాలున్నాయి కనుక. కడుపులో కుడిపక్క గడ్డ ఉందని, విశాఖ పెద్దాసుపత్రికి వెళ్ళి ముక్క తీయించి పరీక్ష చేయించుకోవాలని, ఆలస్యం పనికిరాదని డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం మూడు వారాలుగా బైబిల్లో ఉంది. సురేష్‌బాబు చదివాడు. చదివి మళ్ళీ అక్కడే పెట్టాడు.

ఆట నేర్పింది అతనే, కరోనా ఏడాదిలో. మనుషుల బండ్లు ఆగిపోయి ఇనుపరాయి మోసే గూడ్సు బండ్లు మాత్రమే తిరిగిన వేసవి అది. ఇప్పపూల వాసన వసారా దాకా వచ్చేది. మావగారు యేసుపాదం, రిటైరైన గ్యాంగ్‌మన్, కుర్చీలో కూర్చుని చింతపండు గింజలు తీస్తుండేవాడు. జట్టుకు అయిదుగురు కావాలి, నలుగురే ఉన్నారు. "నువ్వు రాయే," అన్నాడు సురేష్‌బాబు. అంత ఓపికగా అతను ఆమెకు ఏదైనా చెప్పడం పెళ్ళయ్యాక అదే మొదలు. "ఒక్కొక్క పాత్రకి ఒక్కొక్క లెక్కుంటాది. ట్యాంక్‌కి ప్రాణం ఎక్కువ, నడక తక్కువ. స్కౌట్ పరిగెడతాడు గాని రెండు దెబ్బలకే పడిపోతాడు. స్నైపర్ దూరం నుంచి కొడతాడు, దగ్గరకొస్తే ఎందుకూ పనికిరాడు. అటాకర్ నేను. నువ్వు హీలరు. నీకు చిన్న తుపాకే ఇస్తారు. మా వెనకాల ఉండు, మందు వెయ్యి."

ఆమెకు ఆ లెక్క నచ్చింది. ఎవరికి ఏది ఎక్కువ ఇస్తే, వాళ్ళ దగ్గర ఇంకోటి కోసేశారు. అన్నీ ఉన్న పాత్ర ఒక్కటీ లేదు. ఆట తయారు చేసినవాళ్ళు ఎవరో న్యాయం తెలిసినవాళ్ళు అనుకుంది. ఇంట్లో అలా ఎవరూ కొయ్యలేదు. తుపాకీ, ప్రాణం, నడక అన్నీ ఒక్కడికే ఇచ్చి, మిగిలిన దానితో ఆమెను తయారు చేశారు.

అయినా ఆ సాయంత్రాలు తలుచుకుంటే ఇప్పటికీ బాగుంటుంది. ఇంట్లో "ఏమే" అని పిలిచే మనిషి ఆటలో "రత్నా, రత్నా" అనేవాడు. ఉమేష్ "భాభీ, దవాయి, జల్దీ" అని, మందు తొందరగా వెయ్యమని హిందీలో బతిమాలేవాడు. గోడల అవతల ఉన్నా జట్టులో ఎవరి ప్రాణం ఎంత మిగిలిందో హీలర్‌కు కనిపిస్తుంది. అది ఆమెకు కొత్త విద్య కాదు. మావగారి షుగర్ మాత్ర, భర్త నైట్ డ్యూటీ తలనొప్పి, మరిది అలక, అన్నీ గోడ అవతల నుంచి తెలిసేవి. నలుగురూ గెలిచి అరుస్తుంటే పాలు దించడానికి లేచేది. కొట్టినవాళ్ళ పేర్లు పైన పెద్దగా వచ్చేవి. బతికించిన లెక్క అడుగున చిన్న అంకె. అందరూ వెళ్ళాక ఆ అంకె చూసుకునేది.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, స్నైపర్ తీసుకుంది. ఏడుగురిని కొట్టింది. జట్టు ఓడిపోయింది.

"చూసేవా, నీ వల్ల పోయింది," అన్నాడు సురేష్‌బాబు.

"మందు మీలో ఎవరైనా వెయ్యొచ్చుగా."

"అది మా పనా?" అన్నాడు మరిది నవ్వుతూ. ఆ తర్వాత ఆమె మళ్ళీ తుపాకీ అడగలేదు.

ఈ ఆదివారం నొప్పి ఆట మధ్యలో వచ్చింది. ఆమె ముందుకు వంగిపోయింది. తెరమీద హీలర్ గోడ పక్కన కదలకుండా నిలబడింది. జట్టులో ఒక్కొక్కరే పడిపోయారు.

"ఏటే, ఎక్కడ చచ్చేవు?" అని అరిచాడు సురేష్‌బాబు.

"నొప్పి వచ్చిందండీ."

"చెప్పేను కదా. తమ్ముడి పెళ్ళికి బొబ్బిలి వెళ్ళొచ్చి ఈ ఏటి రైల్వే ఫ్రీ పాసులన్నీ అయిపోనాయి. నాన్న పాసూ అయిపోయింది. ఎంత, నెలన్నర. జనవరిలో కొత్తవి వస్తాయి, దర్జాగా వెళ్దుం."

కుర్చీలో ఉన్న యేసుపాదం తల ఎత్తాడు. ఆట గురించి అతను ఏనాడూ మాట్లాడలేదు. ఇప్పుడు కోడలిని అడిగాడు.

"అందరి ప్రాణం నీకు కనపడతాదన్నావు గదమ్మా. నీది ఎవరికి కనపడతాది?"

"ఎవరికీ కనపడదు మావయ్యా. ఈ పాత్రని అలాగే చేశారు."

అతను లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

సోమవారం తెల్లవారేసరికి మావగారి కుర్చీ ఖాళీగా ఉంది. బడికెళ్ళే కొడుకు టిఫిన్‌లాగే భర్త డబ్బా కూడా ఆమె సర్దుతుంటే, యేసుపాదం తిరిగొచ్చి రెండు టికెట్లు వంటగట్టు మీద పెట్టాడు. విశాఖ పాసింజరుకు, క్యూలో నిలబడి కొన్నవి.

సురేష్‌బాబు చూశాడు. "టికెట్ కొన్నావా? స్టేషనంతా నవ్వుతారు నాన్నా. ముప్పై ఏళ్ళ సర్వీసు చేసినోడివి. రైల్వేవాళ్ళం మనం టికెట్టు కొనడమేంటి?"

"నవ్వనీ."

"ఇంట్లో ఎవరు చూస్తారు? నాకు పన్నెండు గంటల డ్యూటీ ఉంది."

అతను అడిగింది తండ్రిని. జవాబు మాత్రం రత్నమాల చెప్పింది. "పప్పు నానబెట్టేను. మిగతాది మీరు చూడండి." అరచెయ్యి తుడుచుకుని పొయ్యి ఆపింది. బైబిల్లోంచి కాగితం తీసుకుంది.

బండి జగ్దల్‌పూర్ దాటాక ఆమె అడిగింది. అత్తగారు తను కాపురానికి రాకముందే పోయింది. ఎలా పోయిందో ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

"అత్తయ్యకీ ఇలాగేనా మావయ్యా?"

యేసుపాదం కిటికీలోంచి బయటకు చూస్తూ చెప్పాడు.

"ఆ ఏడాది పాసులు మా చెల్లెలి పెళ్ళికి అయిపోయేయి. జనవరి రానీ అన్నాను. టికెట్టు కొనొచ్చని తెలీక కాదు. కొంటే పరువు పోతాదనుకున్నాను. క్రిస్మస్ ముందర పోయింది."

ఆమె ఏదో అనబోయింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"అడిగేవు, చెప్పేను. ఇంక నా నోటంట ఆ మాట రాదు. నువ్వడిగినా, వాడడిగినా, పాస్టరుగారు వచ్చి ఎదురుగా కూర్చున్నా రాదు."