రాగి ఊయల

ప్రసూతి ఆసుపత్రి ఆవరణలో నా విగ్రహం నిలబెట్టి రెండు నెలలయింది. వంగి ఊయల ఊపుతున్న కంచు తల్లి. ఊయలను రాగి రేకుతో చేశాను. వేలు తగిలినా ఊగుతుంది. అందులో పడుకోవలసిన బిడ్డ మట్టిలో సగం తయారయ్యాక, రాజధాని నుంచి వచ్చిన ఒక విమర్శకుడు "ఖాళీగానే ఉంచండి, బిడ్డల్ని అందరూ చేస్తారు" అన్నాడు. బిడ్డను తిరిగి మట్టిముద్ద చేసేశాను. ఖాళీ ఊయల ఊపితే బిడ్డకు గండమని మా కొండదేశంలో ఐదేళ్ల పిల్లకూ తెలుసు. నాకూ తెలుసు. తెలిసి తెలిసి దాన్ని దాటడమే కళ అనుకున్నాను. ఊయల తీసెయ్యడానికి ఒప్పుకోమని ఆసుపత్రి నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. మొదటిది చదివి నవ్వుకున్నాను. రెండోది విప్పలేదు.

ఏప్రిల్‌లో ఒక ఉదయం ఫొటోలు తీసుకుందామని వెళ్లాను. లోపలికి రానివ్వరు గనక మొగుళ్లు, అత్తలు కిటికీల కింద నిలబడి పై అంతస్తుల్లోని వాళ్లతో కేకలేసి మాట్లాడుతున్నారు. ఊయలను ఎవరో గాజుగుడ్డ పట్టీలతో కంచు తల్లి మణికట్టుకు బిగించి కట్టారు. నాకు ఒళ్లు మండింది. ముడి విప్పబోయాను.

"చెయ్యి తియ్యండి, బైకె," అంది వెనకనుంచి ఒక ఆయా. బైకె అంటే మా దగ్గర అన్న. ఉమ్సునై అని ఆమె చొక్కా మీద కుట్టి ఉంది. "గాలికి ఊగుతోందని నేనే కట్టాను. నిన్న ఎవరి పిల్లలో విప్పేసి గంటసేపు ఊపితే మళ్లీ కట్టాను. ఇంతకీ మీరెవరు?"

"పత్రిక మనిషిని. ఫొటోల కోసం వచ్చాను."

"అయితే రాసుకోండి. దీన్ని చేసినవాణ్ణి తల్లి కనలేదు, సంతలో కొనుక్కొచ్చింది. కని ఉంటే ఈ మాత్రం చెప్పి పెంచేది."

నవ్వాను, పరాయివాడి సంగతి విన్నట్టు.

"నవ్వుతారేం? అటు చూడండి." మూడో అంతస్తు కిటికీలో పాలిపోయిన ముఖమొకటి కనిపించింది. "నజ్‌గుల్. రెండు కాన్పులు పోయాయి. ఇప్పుడు ఏడో నెల. కిటికీ పక్కనే మంచం, దిగొద్దన్నారు డాక్టర్లు. నిన్న అది ఊగడం చూసిన దగ్గర్నుంచి ఇంటికి పోతానంటోంది. కనుమ దాటి ఆరు గంటల దారి. తన పూచీ మీదే వెళ్తానని కాగితం మీద సంతకం కూడా పెట్టేసింది."

"ఊయల తీయించెయ్యొచ్చుగా?"

"శిల్పి ఒప్పుకోనిదే ముట్టుకోవద్దంటాడు పెద్ద డాక్టరు. ఆ మహానుభావుడేమో ఉత్తరాలకు జవాబివ్వడు."

గోడ పక్కన పాత కారు తలుపు తెరిచి ఒక యువకుడు వెనక సీటులో దుప్పట్లు పరుస్తున్నాడు. ఆమె భర్త. ఈ కారు వెళ్లేదాకా ఊరుకుంటే చాలు, నన్నెవరూ గుర్తుపట్టరు. ఆ ఆలోచన ఏ తొట్రుపాటూ లేకుండా, చాలా శుభ్రంగా వచ్చింది. అది నాదేనని తెలిశాక కెమెరాను సంచిలో పెట్టేశాను.

"ఉమ్సునై," అన్నాను, "దీన్ని చేసింది నేనే."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"పానా కావాలా?" అంది.

ఊయల బోల్టులు దిమ్మ కింద ఎక్కడున్నాయో నాకొక్కడికే తెలుసు. కనబడితే అందం చెడుతుందని దాచాను. బురదలో వెల్లకిలా పడుకుని నాలుగూ విప్పాను. నజ్‌గుల్ భర్త వచ్చి, ఏమీ అడక్కుండా ఒక కొస పట్టుకున్నాడు.

"ఊగనివ్వకండి," అని పైనుంచి నజ్‌గుల్ కేకేసింది. "అడుగున చెయ్యి పెట్టండి."

ఉమ్సునైతో కలిసి ముగ్గురం దాన్ని బాయిలర్ గదిలోకి మోసి, ఇటూ అటూ కదలకుండా ఇటుకలు పెట్టి వచ్చాం. భర్త కిటికీ కింద నిలబడ్డాడు.

"వస్తావా, ఉంటావా?"

 ఆమె కారు వైపు వేలు చూపి, "ఆ దుప్పట్లు పైకి పంపు. ఇక్కడివి పల్చగా ఉన్నాయి," అంది.

అతను కారు వైపు పరుగెత్తాడు. నేను విగ్రహం వైపు తిరిగాను. కంచు తల్లి చేతులు ఇప్పుడు ఉత్త గాలి మీద వంగి ఉన్నాయి. ఇలాగే బాగుందే అనిపించింది. ఊయల ఉన్నప్పటికన్నా బాగుంది. తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేసి, తల పక్కకు వాల్చి చూస్తున్నాను. అప్పటిదాకా పడ్డ సిగ్గంతా ఒక ఎత్తు, అలా మెచ్చుకుంటూ నిలబడి ఉన్నానని గ్రహించడం ఒక ఎత్తు.

"ఏం చూస్తున్నారు, బైకె?" అంది ఉమ్సునై.

వంగి పానాకు అంటిన బురద తుడవడం మొదలుపెట్టాను.